ఇప్పటి పిల్లలు నిజంగా అదుపు తప్పారా? ఎక్కువ కాలం పాఠాలు చెప్పినవాళ్లు చెప్పండి

ప్రశ్న (లెక్కల టీచర్):
హైస్కూల్లో లెక్కలు చెప్తాను. స్టాఫ్‌రూమ్‌లో రోజూ ఒకటే మాట, ఈ తరానికి భయం లేదు, భక్తి లేదు అని. నాకైతే అల్లరి పెద్ద సమస్య కాదు. బోర్డు మీద లెక్క సగంలో ఉండగానే ముందు బెంచీ పిల్లల ధ్యాస కూడా ఎటో పోతుంది, కళ్లు బోర్డు మీదే ఉంటాయి కానీ వినరు, అదే బాధ. ఇంకోపక్క, మేం చదువుకునేప్పుడు నోరెత్తని చోట వీళ్లు లేచి "ఈ స్టెప్ ఎందుకొచ్చింది మేడమ్" అని సూటిగా అడుగుతారు, దాన్నే కొందరు పొగరంటున్నారు. మీరేమంటారు? తల్లిదండ్రులు, పిల్లలు కూడా రాయండి.

జవాబు 1 (రిటైరైన హెడ్మాస్టర్):
అడగనివ్వమ్మా, అది పొగరు కాదు. బెత్తం ఉన్న రోజుల్లో క్లాసు నిశ్శబ్దంగా ఉండేది నిజమే, కానీ ఎవరికి పాఠం ఎక్కిందో మాకు తెలిసేదే కాదు. దెబ్బలకి భయపడి బడి మానేసినవాళ్లు ఎవరి జ్ఞాపకాల్లోనూ ఉండరు, అందుకే మా కాలంలో అందరూ బుద్ధిమంతులే అనిపిస్తుంది. స్వీడన్ 1958లోనే బడుల్లో కొట్టడం నిషేధించింది, బ్రిటన్ ప్రభుత్వ బడుల్లో మాత్రం 1987 దాకా సాగింది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం, 28వ అధికరణలో, బడిలో క్రమశిక్షణ పిల్లల గౌరవానికి భంగం కలిగించకూడదంటుంది. మంచి మార్పే. అయితే బెత్తం తీసేశాక దాని బదులు ఏం చేయాలో చాలామంది టీచర్లకి ఎవరూ నేర్పలేదు, మీ స్టాఫ్‌రూమ్‌ కోపమంతా అక్కడిదే అనుకుంటాను.

జవాబు 2 (ఒక తల్లి):
ధ్యాస గురించి మీరన్నది నిజం మేడమ్. ఒకసారి ఫోన్ మీదికి మనసు పోతే మళ్లీ చదువు మీద కుదురుకోవడానికి 20 నిమిషాల దాకా పట్టొచ్చని యునెస్కో 2023 నివేదికలో ఉంది. ఫ్రాన్స్ 2018లోనే 15 ఏళ్ల లోపు పిల్లలకి బడిలో ఫోన్ వాడకం ఆపేసింది. నాకు అంతకంటే భయం, ఏడిపించడం గురించి. మా రోజుల్లో ఎవరైనా వెక్కిరిస్తే ఇంటికొచ్చాక ఆ గొడవ ఉండేది కాదు, ఇప్పుడు క్లాస్ గ్రూపులో అర్ధరాత్రి దాకా నడుస్తుంది, పొద్దున్నే నిద్ర చాలక అదే పిల్ల మీ ముందు కూర్చుంటుంది.

జవాబు 3 (పదో తరగతి):
మాకు భయం లేదనకండి టీచర్. మార్కులు మేం ఇంటికి చేరకముందే అమ్మ ఫోన్‌కి వెళ్లిపోతాయి, ఒక్క పరీక్ష పోయినా దాచుకోవడానికి ఉండదు, ఆ టెన్షన్ మీ తరానికి ఉండేది కాదేమో. 2020లో బడులు మూసినప్పుడు మేం చిన్న క్లాసుల్లో ఉన్నాం, పక్కవాడితో కొట్లాడి మళ్లీ కలిసిపోవాల్సిన వయసంతా స్క్రీన్ ముందు గడిచింది. ఇప్పటికీ గొడవైతే మాలో చాలామందికి మాట్లాడి తేల్చుకోవడం రాదు, మాట్లాడటం మానేస్తారంతే. ఆటల పీరియడ్‌లో పోర్షన్ చెప్పడం ఆపితే చాలా నయం. ఇంకోటి, గట్టిగా అరిచే సార్ క్లాసులో కంటే అందరినీ ఒకేలా చూసే సార్ క్లాసులోనే మేం బుద్ధిగా ఉంటాం.

ప్రశ్న అడిగిన టీచర్:
థాంక్స్ నాన్నా. ఆటల పీరియడ్‌లు తీసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను, ఇక తీసుకోను. హెడ్మాస్టర్ గారూ, రోజూ క్లాసుని ఆపేసే ఒకరిద్దరు ఉంటారు కదండీ, వాళ్లతో మీరెలా వేగేవారు?

జవాబు 1:
అందరి ముందూ ఏమీ అనేవాణ్ణి కాదమ్మా. క్లాసయ్యాక విడిగా కూర్చోబెట్టి, ముందు వాడి చేతే మాట్లాడించేవాణ్ణి. ఒక్కరోజులో మారరు, కానీ తోటివాళ్ల ముందు పరువు పోనందుకు మర్నాడు మన మాట కొంచెం వింటారు.