ఈసారి ఐఫోనా, మళ్లీ ఆండ్రాయిడేనా?

ఇందుకూరుపేట, రొయ్యల రైతు:
నా ఆండ్రాయిడ్ ఫోనుకు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి, మార్చక తప్పదు. చెన్నైలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఐఫోను కొనమంటోంది. అంత డబ్బుంటే గుంట నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ ఇంకోటి వేసుకోవచ్చు కదా అని మా బావమరిది. నాకు ముఖ్యమైనవి వాట్సాప్, యూపీఐ, గుంటల దగ్గర మోటార్లు ఆన్, ఆఫ్ చేసే మొబైల్ స్టార్టర్ యాప్. ఏది తీసుకోమంటారు?

ఒంగోలు, ఉపాధ్యాయిని:
మీ అమ్మాయి మాట వినండి. 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్ఆర్‌కు ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో 2024 నాటి ఐఓఎస్ 18 కూడా అందింది. ధరను వాడుకునే ఏళ్లతో భాగించి చూడండి, తేడా చాలావరకు కరిగిపోతుంది. పాతబడ్డాక అమ్మినా మంచి ధరే వస్తుంది.

చీమకుర్తి, క్వారీ సూపర్‌వైజర్:
అమ్మా, ఆ లెక్క పాతబడింది. 2023లో పిక్సెల్ 8తో గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24తో శామ్‌సంగ్ ఏడేళ్ల అప్‌డేట్లకు మాట ఇచ్చాయి. అవీ ఖరీదైనవేగా అంటారేమో, తక్కువ ధరలో దొరికే గెలాక్సీ ఏ16 5జీకి కూడా ఆరేళ్ల హామీ ఉంది. ఇక ఎండ సంగతి. ఐఫోనును 35 డిగ్రీలలోపు వాతావరణంలో వాడమని ఆపిల్ సంస్థే చెబుతోంది. మన మే నెల ఆ గీత దగ్గర ఆగుతుందా?

కావలి, డీటీపీ పని:
తెలుగులో టైపు చేసేవాళ్లు ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లో యాప్‌లు కుప్పకూలేవి.

ఒంగోలు, ఉపాధ్యాయిని:
ఆ నెలలోనే 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు కదండీ! ఎన్నాళ్లు తవ్వుతారు దాన్ని?

నెల్లూరు, మొబైల్ రిపేరు దుకాణం:
ఎండ గొడవ వదిలేయండి, వేడెక్కితే ఏ ఫోనైనా వెలుతురు తగ్గించుకుంటుంది, ఛార్జింగ్ ఆపేస్తుంది. యూపీఐ రెండింటిలోనూ ఒకటే. అసలు చూడవలసింది స్టార్టర్ యాప్. అన్నా, అది మీకు ప్లే స్టోర్ నుంచి వచ్చిందా, డీలరు వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైలా, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా యాప్ ఎక్కించే ఆండ్రాయిడ్ ఫైలా? ఏపీకే ఐఫోన్లో ఎక్కదు. ఐరోపాలో చట్టం ఒత్తిడికి 2024లో వేరే యాప్ స్టోర్లకు దారి ఇచ్చారు, మన దగ్గర అదీ లేదు. ముందు ఆ కంపెనీకి ఫోన్ చేసి, ఆపిల్ యాప్ స్టోర్‌లో ఉందో లేదో కనుక్కోండి. లేదంటే మీకు ఐఫోను ప్రశ్నే లేదు.

ఉంటే, అప్పుడు వాట్సాప్. ఆండ్రాయిడ్‌లో బ్యాకప్ గూగుల్ ఖాతాలోకి పోతుంది, ఐఫోన్లో ఆపిల్ వాళ్ల ఆన్‌లైన్ నిల్వ ఐక్లౌడ్‌లోకి. ఒకదాని బ్యాకప్ ఇంకొకటి తెరవలేదు. పాత మెసేజ్‌లు, ల్యాబ్ రిపోర్టులు కావాలంటే ‘మూవ్ టు ఐఓఎస్’ యాప్‌తో నేరుగా మార్చుకోవాలి. 2022లో వచ్చిన సౌకర్యం ఇది. కొత్త ఐఫోను మొదటిసారి సిద్ధం చేసేటప్పుడే చేయాలి, ఆ తర్వాత గుర్తొస్తే అంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఐక్లౌడ్‌లో ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే, గూగుల్ 15 ఇస్తుంది. నా ఓటు ఆండ్రాయిడ్‌కే. కెమెరా కోసమైతే వేరే మాట చెప్పేవాణ్ణి.

ఒంగోలు, ఉపాధ్యాయిని:
మీరు గొప్పగా చెబుతున్న ఆ ఏపీకే దారిలోనే దొంగలూ వస్తున్నారు. ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ అని వాట్సాప్‌లో ఫైలు పంపడం, నొక్కితే ఖాతా ఖాళీ చేయడం. ఫోనులో బ్యాంకు యాప్ ఉన్న రైతుకు ఆ తలుపు మూసి ఉండటమే మేలు.

నెల్లూరు, మొబైల్ రిపేరు దుకాణం:
ఆ తలుపు ఆండ్రాయిడ్‌లోనూ మూసే ఉంటుంది, తెరవాలా అని అడుగుతుంది. స్టార్టర్ యాప్ ఎక్కించాక ఆ అనుమతి మళ్లీ తీసేయాలి.

ఒంగోలు, ఉపాధ్యాయిని:
తీసేసేవాళ్లు ఎందరండీ? దానికన్నా పాత ఫోను గుంట దగ్గర షెడ్డులో పెట్టి స్టార్టర్ యాప్ అందులోనే ఉంచండి. బ్యాంకు, యూపీఐ కొత్త ఐఫోన్లో.

ఇందుకూరుపేట, రొయ్యల రైతు:
అది కుదరదమ్మా. అర్ధరాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే తెల్లవారేలోపు రొయ్య తేలిపోతుంది. ఆ హెచ్చరిక నా దిండు పక్కన మోగాలి, షెడ్డులో మోగితే ఎవరు వింటారు? రేపు కంపెనీకి ఫోన్ చేసి యాప్ సంగతి కనుక్కుంటాను.