చిన్న నేరానికి జైలు బదులు జీతం లేని పని: ఇది శిక్షేనా?

కాలువగట్టు (విజయవాడ):
2024 జూలై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక ఆరు రకాల నేరాలకు సమాజ సేవను శిక్షగా వేసే వీలు వచ్చింది. మొదటిసారి అయిదు వేల లోపు దొంగతనం చేసి సొమ్ము తిరిగిచ్చినవాడు, తాగి నలుగురిలో రభస చేసినవాడు, పరువు నష్టం కేసులో దోషిగా తేలినవాడు, ఇలాంటివి. నాకైతే భలే నచ్చింది. బెంజ్ సర్కిల్‌లో చీపురిచ్చి నిలబెడితే మళ్లీ తాగి రోడ్డెక్కుతాడా? జైల్లో పెడితే మన డబ్బుతో మేపాలి, పైగా లోపల ముదిరినవాళ్లతో సావాసం. మీరేమంటారు?

సింగ్‌నగర్ బుజ్జి:
నూటికి నూరుపాళ్లు కరెక్ట్ అన్నా. వీడియో తీసి గ్రూపుల్లో కూడా పెట్టాలి.

రాజీవ్‌నగర్ అమ్మాయి:
మా అమ్మ పారిశుద్ధ్య కార్మికురాలు. తెల్లారకముందే మస్టరుకి వెళ్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇళ్ల ముందు బురద ఎత్తింది ఇలాంటి వాళ్లే, బుజ్జిగారికి గుర్తుండే ఉంటుంది. చీపురు పట్టడం తాగుబోతుకి పరువు తక్కువైతే, రోజూ పట్టేవాళ్ల సంగతేంటి? వాళ్లు ఏ నేరం చేశారని?

సింగ్‌నగర్ బుజ్జి:
అయ్యో, నేను ఆ ఉద్దేశంతో అనలేదండీ.

బ్రాడీపేట ప్లీడరు (గుంటూరు):
అమ్మాయి చెప్పిన మాటకు చట్టంలో జవాబు లేదు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 23లో ఉన్నదల్లా ఒక్కటే: సమాజానికి ఉపయోగపడే పని, దానికి ప్రతిఫలం ఇవ్వరు. ఏ పని, ఎన్ని గంటలు, ఎవరు చూడాలి అన్నది రాయలేదు. మేజిస్ట్రేటు ఏది తోస్తే అది. రోడ్డు ఊడ్చడమే అందరికీ ముందు తట్టడం మన సమాజం గొడవ, సెక్షన్‌ది కాదు.

నాకు అసలు తేడాగా కనిపించేది గంటల విషయం. తాగి బహిరంగంగా రభస చేసినందుకు న్యాయ సంహిత సెక్షన్ 355 కింద గరిష్ఠంగా 24 గంటల సాధారణ జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. సాధారణ జైలు అంటే లోపల పని చేయించరు. మరి అదే మనిషికి నెల రోజులు రోజూ పని చెయ్యమంటే ఏది పెద్ద శిక్ష? దయ చూపించామనుకుంటూ బరువు పెంచినట్టే కదా. ఇంగ్లండులో 1972 చట్టంతో ఈ శిక్ష తెచ్చినప్పుడు 40 నుంచి 240 గంటలని హద్దు పెట్టారు, దోషి ఒప్పుకుంటేనే వేసేవారు. మనవాళ్లు ఆ శిక్షను తెచ్చుకుని హద్దును మాత్రం అక్కడే వదిలేశారు.

ఇంకోటి. కఠిన కారాగార శిక్షలో పని చేసే ఖైదీకి న్యాయమైన కూలి ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లో గుజరాత్ కేసులో చెప్పింది. వెట్టి చాకిరిని నిషేధించే రాజ్యాంగం 23వ అధికరణం అక్కడ చర్చకు వచ్చింది. లోపలివాడికి కూలి, బయటివాడికి సున్నా. కొన్ని గంటలే అయితే నాకు పెద్ద అభ్యంతరం లేదు. నెలలైతే ఉంది.

కాలువగట్టు:
ప్లీడరుగారూ, మరి తాగి బండి నడిపేవాళ్లకు?

బ్రాడీపేట ప్లీడరు:
అది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 అండీ. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. ఆ సెక్షన్‌లో సమాజ సేవ ఊసే లేదు. అందరూ రెండూ కలిపేస్తున్నారు.

మిర్చియార్డు ముఠా:
మాది బస్తాలు మోసే కూలీల ముఠా. మాలో ఒకడు తాగి గొడవ చేశాడనుకోండి. వారం రోజులు ఆసుపత్రిలో పని చెయ్యమంటే వారం కూలి పోయినట్టే. సీజన్లో యార్డుకి రాకపోతే ముఠాలో చోటుకే ఎసరు. నెల జీతం వచ్చే మనిషి సెలవు పెట్టి వస్తాడు. ఇద్దరికీ ఒకటే శిక్ష ఎలా అవుతుందండీ? ఆదివారాలు చేయించండి, కాదనను.

కాలువగట్టు:
ఈ మాట బాగుంది. 2022లో మన హైకోర్టు కోర్టు ధిక్కరణ కేసులో ఎనిమిది మంది ఐఏఎస్‌లకు రెండు వారాల జైలు వేసి, క్షమాపణ చెప్పాక సేవగా మార్చింది కదా. నెలకో ఆదివారం చొప్పున ఏడాదిపాటు సంక్షేమ హాస్టళ్లకు వెళ్లమంది, పిల్లల భోజనం ఖర్చు కూడా వాళ్లదే. ఐఏఎస్‌లకు ఆదివారం సరిపోయినప్పుడు ముఠావాళ్లకు ఎందుకు సరిపోదు?

రాజీవ్‌నగర్ అమ్మాయి:
చూశారా, పెద్దవాళ్లకు హాస్టల్ పిల్లలతో భోజనం. చిన్నవాళ్లకు మాత్రం చీపురే గుర్తొస్తుంది. అకౌంట్స్ తెలిసినవాడిని రేషన్ కార్డు దరఖాస్తులు నింపమనొచ్చు. డ్రైవరైతే వృద్ధాశ్రమం వాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకురావచ్చు.

సింగ్‌నగర్ బుజ్జి:
వీడియో మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ చేశాడో లేదో ఎవరు చూస్తారు? సంతకం పెట్టి ఇంటికి పోతే?

బ్రాడీపేట ప్లీడరు:
చెయ్యకపోతే జైలుకు పంపే వీలు న్యాయ సంహిత సెక్షన్ 8లో ఉంది. కానీ చెయ్యలేదని కోర్టుకి చెప్పేవాడు ఉండాలిగా. జైలుకు పంపకుండా వదిలిన దోషుల నడవడి చూడటానికి 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద ప్రొబేషన్ అధికారులు ఉన్నారు, ఆ బాధ్యత వాళ్లకు అప్పగించాలి. పోలీసులకిస్తే హాజరుపట్టీ స్టేషన్లోనే నిండిపోతుంది.

రాజీవ్‌నగర్ అమ్మాయి:
ఎవరికిచ్చినా సరే, మా అమ్మ బ్యాచ్‌లో మాత్రం వెయ్యొద్దు. వచ్చినవాడికి పని చూపించడం, పారిపోకుండా చూడటం కూడా వీళ్ల నెత్తినే పడుతుంది. దానికి ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వరు.