మౌస్‌ని తెలుగులో ఏమనాలి?

తెలుగు మీడియం పిల్లల కోసం కంప్యూటర్ పాఠం రాస్తున్నాను. మౌస్‌ని ఎలుక అనాలా, మూషికం అనాలా, మౌస్ అనే ఉంచేయాలా? పెద్దలు చెప్పండి.

— మూషికం మాత్రం వద్దండీ, పిల్లలకి వినాయకుడు గుర్తొస్తాడు. తమాషా ఏంటంటే సంస్కృతంలో మూష్, లాటిన్‌లో మూస్, ఇంగ్లీషులో మౌస్, అన్నీ ఒకే వంశం మాటలు. మౌస్‌ని తీసేసి మూషికం పెడితే పెదనాన్న కొడుకుని లేపి బాబాయి కొడుకుని కూర్చోబెట్టినట్టే. అచ్చంగా మనదంటే ఎలుకే. ఆ మాటకొస్తే ఇంగ్లీషువాళ్లకి మనమూ ఒకటి ఇచ్చాం: వాళ్ల బాండికూట్ మన పందికొక్కే!

— ఎలుక అంటే రాట్ కూడా కదండీ. చిట్టెలుక అంటే కొంత నయం. అయితే ఆ పేరు పనిని బట్టి రాలేదు, రూపాన్ని బట్టి వచ్చింది. 1964లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన ప్రకారం బిల్ ఇంగ్లిష్ తయారుచేసిన మొదటి మౌస్ ఒక చెక్క డబ్బా. పైన ఒకే మీట, అడుగున రెండు చక్రాలు, ఒకటి అడ్డం కదలికకి, రెండోది నిలువు కదలికకి. వైరు తోకలా వేలాడేది. 1970లో వచ్చిన పేటెంటులో మాత్రం దాని పేరు ‘ఎక్స్-వై స్థాన సూచిక’ అన్న అర్థంలో ఉంటుంది. ఆ పేరు ఇప్పుడెవరికి కావాలి? మనం కూర్చుని ‘సూచనా పరికరం’ అని కల్పించినా అదే గతి.

— పేరు సంగతి సరే, క్రియ సంగతి చూడండి. ‘మౌస్ తిప్పు’ అంటారు చాలామంది. నాకది ఒప్పదు, ‘జరుపు’ అనాలి. బంతి మౌస్ రోజుల్లో తిరిగేది లోపలి బంతి. అడుగున రింగు తిప్పి ఆ రబ్బరు బంతిని బయటికి తీసి, రోలర్లకి పట్టిన జిడ్డు గోటితో గీకినవాళ్లకి తెలుసు. బంతి రెండు రోలర్లని తిప్పేది, వాటి చివర సందులున్న బిళ్లలు తిరుగుతూ వెలుతురుని అడ్డుకుంటూ వదులుతూ ఉంటే ఆ మినుకుల్ని మౌస్ లెక్కపెట్టేది. ఇప్పటి ఆప్టికల్ మౌస్‌లో తిరిగేదేమీ లేదు (పైనున్న స్క్రోల్ చక్రం తప్ప). అడుగున చిన్న కెమెరా సెకనుకి వెయ్యికి పైగా బొమ్మలు తీసి, ముందు బొమ్మలో ఉన్న గరుకు ఇప్పుడెటు జరిగిందో పోల్చి చూస్తుంది. నున్నటి గాజు బల్ల మీద పోల్చడానికి ఏమీ దొరక్క బాణం తెల్లమొహం వేస్తుంది. నిజంగా ‘తిప్పు’ అనాల్సింది ట్రాక్‌బాల్‌ని, అక్కడ డబ్బా కదలదు, బంతినే వేళ్లతో తిప్పుతాం.

— భలే. తెర మీద కదిలేదానికి మీరన్న ‘బాణం’ చాలు, కర్సర్ అక్కర్లేదు. ‘బాణం అక్కడ పెట్టి రెండుసార్లు కొట్టు’ అంటే మా అమ్మకి కూడా అర్థమైంది.

— అందరికీ ధన్యవాదాలు. పేరు మౌస్ అనే ఉంచి, జరుపు, నొక్కు, బాణం తెలుగులో రాస్తాను. డ్రాగ్‌కి ‘నొక్కిపట్టి లాగు’ అంటాను. రైట్ క్లిక్‌కి ‘కుడి నొక్కు’ బాగుంటుందా?

— మా వాడిది ఎడమచేతి వాటం మాస్టారూ, సెట్టింగ్స్‌లో మీటలు తారుమారు చేసుకున్నాడు. వాడి రైట్ క్లిక్ ఎడమ మీటతో. వాడికేం చెబుతారు?