ఆరు పేజీల వెబ్‌సైటుకు విడిగా స్టైల్ షీట్ అవసరమా?

గడపరాయి:
నా చిన్న వ్యాపారానికి ఆరు పేజీల వెబ్‌సైటు నేనే కూర్చుని తయారుచేసుకున్నాను. రంగులు, అక్షరాల సైజులు, ఖాళీలు ఏ ట్యాగ్‌వి (పేజీలో ఒక్కో భాగాన్ని గుర్తించే కోడ్) ఆ ట్యాగ్‌లోనే రాశాను. మొన్న చూసిన ఒక మిత్రుడు అదంతా తీసేసి స్టైల్ షీట్‌లో, అంటే పేజీల రూపురేఖల నియమాలన్నీ ఒక్కచోట రాసే విడి ఫైలులో, పెట్టమని పట్టుబట్టాడు. ఆరు పేజీలకు అంత హంగామా ఎందుకు? సైటు బాగానే కనబడుతోంది, ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

పాతకీబోర్డు:
పేజీలు ఆరే కావచ్చు, వాటిలో బటన్లు ఎన్ని, శీర్షికలు ఎన్ని? నేనూ ఒకప్పుడు మీలాగే చేసేవాణ్ని. ఒక వ్యాపారి లోగో నీలం నుంచి ఆకుపచ్చకు మారింది. "రంగే కదా, ఎంతసేపు?" అన్నారాయన. తొమ్మిది పేజీల్లో ఆ నీలాన్ని వెతికి మార్చేసరికి ఒక పూట గడిచింది. రెండు నెలల తర్వాత ఆయనే ఫోను చేశారు. ఫారం నింపాక మాత్రమే కనబడే ధన్యవాదాల పేజీలో పాత నీలం చెక్కుచెదరకుండా ఉంది! స్టైల్ షీట్ ఉంటే అది ఒక్క వరుస పని.

ఈ తగవు ఈనాటిది కాదు. నార్వేకు చెందిన వెబ్ నిపుణుడు హోకోన్ వియమ్ లీ స్టైల్ షీట్లు రాసే భాష సీఎస్‌ఎస్‌ను ప్రతిపాదించింది 1994లో. 1996 డిసెంబరులో అది ప్రమాణమైంది. మరుసటి ఏడాది వచ్చిన, వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ 4.0 అక్షరాల రూపం, రంగు చెప్పే ఫాంట్ ట్యాగ్‌ను ఇక వాడవద్దని పక్కన పెట్టింది.

తూకంరాయి:
చరిత్ర సరే. ఎడిటర్‌లో వెతికి మార్చే సౌకర్యం ఉండగా ఒక పూట ఎందుకు పట్టిందో నాకు అర్థం కాలేదు. నా అనుభవం వేరు. ఇతరులు వదిలేసి వెళ్లిన సైట్లు నా దగ్గరకు వస్తుంటాయి. వాటి స్టైల్ షీట్ వేల వరుసలుంటుంది. ఏ నియమం ఏ పేజీకో తెలియదు, తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు. ఇక్కడ ఖాళీ సరిచేస్తే అక్కడెక్కడో మెనూ విరుగుతుంది. ట్యాగ్‌లోనే రాసుకుంటే కనీసం కళ్లెదుట ఉంటుంది.

పాతకీబోర్డు:
వెతికి మార్చేటప్పుడు కంప్యూటర్‌కు తెలిసింది రంగు సంఖ్య ఒక్కటే. అదే నీలం బటన్లోనూ ఉంది, శీర్షికలోనూ ఉంది, లింకులోనూ ఉంది. ఆ వ్యాపారికి బటన్లు మాత్రమే మారాలి. ఏ నీలం బటన్‌దో ఎవరు చెప్పాలి? ఒకే పనికి ఉన్న ట్యాగ్‌లన్నిటికీ ఉమ్మడిగా తగిలించే గుర్తు క్లాస్. దానికి పేరు పెట్టడంలో లాభం అదే. అది ఏ రంగో కాదు, ఏ పనికి ఉందో చెబుతుంది. అందుకే క్లాస్‌కు "నీలం" అని పేరు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రేపు ఆ నీలం ఆకుపచ్చ అయితే?

వేల వరుసల సంగతి మాత్రం ఒప్పుకుంటాను. అయితే అది కొత్త నియమాలు చేర్చుకుంటూ పోయి పాతవి తీసేయనివాళ్ల తప్పు.

నిమ్మళం:
మీ ఇద్దరూ రంగు దగ్గరే ఆగిపోయారు. ట్యాగ్‌లో రాసే స్టైల్‌కు మీడియా క్వెరీ, అంటే తెర సైజును బట్టో ముద్రణను బట్టో వర్తించే షరతు, పెట్టడం కుదరదు. తెర చిన్నదైతే పక్కపక్కన ఉన్న రెండు నిలువు వరుసలను ఒకటిగా పేర్చమని గానీ, ముద్రించేటప్పుడు మెనూను దాచమని గానీ అక్కడ చెప్పలేరు. బటన్ మీదికి మౌస్ వచ్చినప్పుడు రంగు మారాలన్నా అంతే. గడపరాయి గారూ, మీ సైటును ఫోనులో తెరిచి చూశారా?

ఇంకొకటి. తెలుగు అక్షరాలకు వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. లేకపోతే కింది ఒత్తులు తర్వాతి వరుసను తాకుతాయి. ఆ కొలతను ఒక్కచోట రాసుకుంటే సైటంతటికీ సరిపోతుంది.

వేగం గురించి గొప్పలు చెప్పను. బ్రౌజర్ స్టైల్ షీట్‌ను ఒకసారి తెచ్చుకుని దాచుకుంటుంది, నిజమే. ఆరు పేజీల సైటులో ఆ తేడా ఎవరి కంటికీ ఆనదు. పైగా దాచుకున్న పాత ఫైలే చూపించి మిమ్మల్ని తికమక పెట్టవచ్చు. మార్పు చేసినప్పుడల్లా ఫైలు పేరు చివర సంఖ్య మారుస్తుంటే ఆ బాధ తప్పుతుంది.

తూకంరాయి:
ఫోను విషయంలో నా దగ్గర జవాబు లేదు. కానీ వినియోగదారులకు పంపే ఈమెయిళ్లకు ఇప్పటికీ ట్యాగ్‌లో రాసే స్టైలే ఎక్కువ నమ్మదగినది. కొన్ని మెయిల్ సేవలు స్టైల్ షీట్‌ను తీసేస్తాయి. కాబట్టి ఆ పద్ధతిని పూర్తిగా తప్పనకండి.

గడపరాయి:
ఫోనులో చూశాను. చదవాలంటే పక్కకు జరుపుకోవలసి వస్తోంది, సిగ్గేసింది. బటన్లు ఇరవై మూడు ఉన్నాయి, వాటిలో మూడు రకాల నీలాలు! ఒకటే అనుకున్నాను. వెంటనే స్టైల్ షీట్ తగిలించి బటన్ రంగు రాశాను. ఏమీ మారలేదు. ఎందుకు?

పాతకీబోర్డు:
ట్యాగ్‌లో ఉన్న మాటకే ప్రాధాన్యం ఎక్కువ. పాత స్టైల్ అక్కడ ఉన్నంతకాలం స్టైల్ షీట్ మాట చెల్లదు. "ఇంపార్టెంట్" అని స్టైల్ షీట్‌లోని నియమం చివర తగిలిస్తే గెలుస్తుంది గానీ, ఆ అలవాటు చేసుకోకండి. తూకంరాయి గారు చెప్పిన వేల వరుసల రోగం మొదలయ్యేది సరిగ్గా అక్కడే. ఒక్కో పేజీ తీసుకుని, ముందు బటన్ల పాత స్టైళ్లు తీసేయండి.

తూకంరాయి:
తీసేసే ముందు పాత ఫైళ్ల నకలు దాచుకున్నారు కదా?

గడపరాయి:
రెండు పేజీలు అయిపోయాయి. మిగిలిన నాలుగింటికి ఇప్పుడే దాస్తున్నాను.