పన్నెండేళ్లు షెడ్డులో పడున్న ఆర్‌ఎక్స్ 100: ఇంట్లోనే నిలబెట్టాలంటే ఏది ముందు?

కాకినాడ_కిక్కు:
1991 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు. పన్నెండేళ్లుగా రేకుల షెడ్డులో ఉంది. కిక్కు దిగట్లేదు. ట్యాంకు నిండా తుప్పు. ఆర్సీ గడువు దాటిపోయింది. స్పానర్ సెట్టు, ఫీలర్ గేజీ (సన్న ఖాళీలు కొలిచే రేకులు) ఉన్నాయి. పెయింటుతో మొదలెట్టాలా, ఇంజనుతోనా? సీటు కురచ చేసి హ్యాండిలు కిందికి దించాలని కూడా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

లేత్_పని:
పెయింటు ఆఖర్న. ముందు ఇంజను.

కిక్కు మీద ఎగిరి తొక్కకండి. పిస్టను బోరులో (అది కదిలే సిలిండరులో) పట్టేసి ఉంటే ఆ బలమంతా కిక్ షాఫ్టు మీద, గేరు పళ్ల మీద పడుతుంది. ప్లగ్గు తీసి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సు) ఆయిలు, అసిటోను సగం సగం కలిపి ఒక 30 మి.లీ. పోసి మూడు రోజులు వదిలేయండి. తర్వాత ఎడమవైపు మాగ్నెట్ (ఇంజనుతో తిరిగే అయస్కాంత చక్రం) నట్టుకి స్పానర్ వేసి అటూ ఇటూ కొంచెం కొంచెంగా కదపండి. కదిలింది కదా అని స్టార్ట్ చేయొద్దు. ఆ తుప్పు పొడి రింగుల కింద పడి బోరంతా గీసేస్తుంది. హెడ్డు, బోరు విప్పాల్సిందే.

కవర్ల స్క్రూలు జపాన్ కొలతవి. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు, తల అరిగిపోతుంది. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) బిట్టు, ఇంపాక్ట్ డ్రైవరు కొనుక్కోండి. మాగ్నెట్ తీయడానికి పుల్లరే (లాగి ఊడదీసే పనిముట్టు) వాడండి, సుత్తి వద్దు.

లేత్_పని:
బోరింగు (గీతలు పడ్డ బోరుని లేత్‌లో కొంచెం పెద్దది చేయడం) గురించి విడిగా. ముందు పిస్టను కొనండి, తర్వాత లేత్‌కి వెళ్లండి. కొత్త పిస్టన్లలో కూడా ఒకదానికీ ఇంకోదానికీ కొలత తేడా ఉంటుంది, కాబట్టి చేతిలో ఉన్న పిస్టను కొలిచే బోరు చేయాలి. పిస్టను స్కర్టు (కింది గోడ) కింది అంచు నుంచి సుమారు 10 మి.మీ. పైన, పిస్టను పిన్నుకి అడ్డంగా మైక్రోమీటర్ పెట్టాలి. పిస్టనుకీ బోరుకీ మధ్య 0.04 నుంచి 0.05 మి.మీ. ఖాళీ ఉంచమని చెప్పండి. బిగువుగా ఉంటే మంచిదని ఇంకా తగ్గిస్తే మొదటి లాంగ్ రైడ్‌లోనే పట్టేస్తుంది.

పిస్టను ఓవర్‌సైజులు 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. ఒరిజినల్ బోరు 50 మి.మీ., స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 50 మి.మీ., అంటే 98 సీసీ. చివరి సైజుకి వెళ్లినా 102 సీసీ, అంతే. అందుకని స్పీడు కోసం ఒకేసారి పెద్ద సైజుకి దూకొద్దు, గీతలు పోయేంత చిన్న సైజు చాలు.

బోరింగు, హోనింగు (బోరు లోపల సన్నగా రుద్దడం) అయ్యాక పోర్టుల (బోరు గోడలోని రంధ్రాల) అంచులు సన్నగా చాంఫర్ చేయించాలి, అంటే పదును తీయించాలి. దీన్ని సగం మంది వదిలేస్తారు. పదును అంచుకి రింగు తగులుకుంటే విరుగుతుంది. రింగు చివర్ల గ్యాపు బోరులో పెట్టి ఫీలర్‌తో చూడండి, 0.2 మి.మీ. దరిదాపుల్లో ఉండాలి. పిస్టను గాడిలో ఉండే చిన్న పిన్ను దగ్గరే రింగు నోరు రావాలి. పిస్టను పైనున్న బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి.

రెండు_స్ట్రోకులు:
పైదంతా సరే. ఈ బండి మీద డబ్బులు వృథా అయ్యేది మాత్రం క్రాంకు (పిస్టను తిప్పే ఇరుసు) సీళ్ల దగ్గర. పన్నెండేళ్లు కదలని సీలు పెదవి గట్టిపడిపోతుంది. మాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి లోపలికొస్తుంది: మిక్చరు పలచబడి, థ్రాటిల్ వదిలినా ఆర్‌పీఎం వెంటనే దిగదు, చివరికి పిస్టను పట్టేస్తుంది. క్లచ్ వైపుది పోతే గేరు ఆయిలు పీల్చుకుంటుంది: తెల్లపొగ ఆగదు, గేరు ఆయిలు తగ్గిపోతూ ఉంటుంది. మొదటిదాన్ని కార్బొరేటర్ జబ్బు అనుకుని జెట్లు మార్చుకుంటూ కూర్చుంటారు.

సీళ్ల కోసం క్రాంకు ఎలాగూ తెరుస్తారు కాబట్టి రెండు సీళ్లూ, రెండు బేరింగులూ మార్చేయండి. కనెక్టింగ్ రాడ్డుని పైకీ కిందికీ లాగితే అస్సలు ఆట ఉండకూడదు. పక్కలకి కొంచెం కదలడం సహజం. కొత్త రాడ్డు కిట్టు వేయిస్తే ప్రెస్ చేశాక లేత్ సెంటర్ల మీద డయల్ గేజీ పెట్టించి చూడండి, రనవుట్ (తిరిగేటప్పుడు ఊగే కొలత) 0.03 మి.మీ. దాటకూడదు. విజయవాడ ఆటోనగర్‌లో ఈ పని చేసేవాళ్లు దొరుకుతారు. డయల్ లేకుండా కంటిచూపుతో "బానే ఉంది" అనేవాళ్లకి ఇవ్వకండి.

బిగించాక ఎక్కడైనా లీకుందేమో తెలియడానికి గాలి పరీక్ష. పాత బీపీ మిషన్ పంపు, మీటరు చాలు. 300 మి.మీ. పాదరసం అంటే 5.8 పీఎస్‌ఐ, టూ స్ట్రోక్ క్రాంకు పరీక్షకి సరిగ్గా కావలసిన ఒత్తిడి. సైలెన్సర్ పోర్టుకి సైకిల్ ట్యూబు రబ్బరు, దాని మీద రేకు ముక్క వేసి బిగించండి. కార్బొరేటర్ వైపు రబ్బరు బిరడా పెట్టి దానిలోంచే పైపు పంపండి. పిస్టను కింద ఉంచండి. ఆయిల్ పంపు (ఇంజనులోకి 2టీ, అంటే టూ స్ట్రోక్ ఆయిలు వేసేది) నుంచి వచ్చే సన్న గొట్టాన్ని మూయడం మర్చిపోతారు, అదీ మూయాలి. 300కి ఎక్కించి వదిలితే నిమిషంలో 50 కంటే ఎక్కువ పడకూడదు. పడితే సబ్బు నీళ్లు రాసి బుడగ ఎక్కడో చూడండి.

గేర్_నాలుగు:
ఆయిల్ పంపు పీకేసి ఆయిలు పెట్రోల్లో కలిపి పోసుకుంటే గోల వదిలిపోతుంది. లీటరుకి 30 మి.లీ. చాలు.

రెండు_స్ట్రోకులు:
ఒప్పుకోను అన్నా. ఘాట్‌లో దిగుతున్నప్పుడు థ్రాటిల్ మూస్తే పెట్రోలు రాదు, దాంతోపాటు ఆయిలూ రాదు. ఇంజను మాత్రం స్పీడుగానే తిరుగుతుంటుంది. పంపు ఆ సమయంలో కూడా కొద్దిగా వేస్తూనే ఉంటుంది. పంపు ఉంచి, బ్లీడ్ స్క్రూ వదులు చేసి బుడగలు ఆగేదాకా ఆయిలు కారనిచ్చి, కేబుల్ గుర్తులు సరిచేయండి. నమ్మకం కుదిరేదాకా మొదటి ట్యాంకులో లీటరుకి 20 మి.లీ. అదనంగా కలపండి. పొగ వస్తుంది, రానివ్వండి.

కాకినాడ_కిక్కు:
ట్యాంకుకి బాత్రూం యాసిడ్ పోయమంటున్నారు ఇక్కడ.

తుప్పు_శత్రువు:
వద్దు. అది తుప్పుతో ఆగదు, సన్న రేకునీ తినేస్తుంది. కడిగిన గంటలోనే మళ్లీ ఎర్రబారుతుంది. వెనిగర్ నిండా పోసి రెండు రోజులు ఉంచండి, గుప్పెడు నట్లు వేసి ఊపండి, తర్వాత చాకలి సోడా నీళ్లతో కడిగి ఆమ్లం చంపండి, వెంటనే వేడి గాలితో ఆరబెట్టి, పెట్రోలు, 2టీ ఆయిలు కలిపి లోపలంతా తిప్పండి. తుప్పు మందంగా ఉంటే ఎలక్ట్రాలసిస్: చాకలి సోడా నీళ్లు, బ్యాటరీ ఛార్జరు, మైనస్ ట్యాంకుకి, ప్లస్ ఇనుప కడ్డీకి. కడ్డీ ట్యాంకుకి తగలకూడదు. స్టీలు గరిటె వాడితే విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట చేయండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

ఇప్పుడొచ్చే ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు నీటిని లాగుతుంది. పాత పైపులు, కాక్ వాషర్లు, కార్బొరేటర్ ఫ్లోట్ నీడిలు మార్చండి. బండి నెలల తరబడి ఆపితే ఫ్లోట్ బౌలు ఖాళీ చేయండి. జెట్టు రంధ్రంలో ఇనుప తీగ పెట్టొద్దు, రాగి పోగు చాలు.

తీగల_పని:
పౌడర్ కోటింగ్ వేయించేవాళ్లకి రెండు మాటలు. ఛాసిస్ నంబరు చెక్కిన చోట మాస్కింగ్ చేయించండి. మందపు పూత నంబరుని కప్పేస్తే ఆర్టీఓ దగ్గర ఇబ్బంది. రెండోది ఎర్త్. కాయిలు, సీడీఐ (స్పార్కు పుట్టించే పెట్టె), హార్ను బిగించే చోట పూత గీకి మెరిసే లోహం కనబడాలి. కొత్త రంగు వేశాక "స్పార్కు పోయింది" అని వచ్చే బళ్లలో చాలావాటి జబ్బు ఇదే. ఇంజను కేసులకి ఇసుక బ్లాస్టింగ్ వద్దు, రేణువులు బేరింగుల్లోకి పోతాయి.

గేర్_నాలుగు:
సీటు, హ్యాండిలు మార్పుల గురించి: ఛాసిస్ కోయకుండా బోల్టులతో బిగించేవే వేసుకోండి, రేపు వెనక్కి తిప్పుకోవచ్చు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆర్‌ఎక్స్ 135 బోరు ఎక్కించే సరదా ఉంటే గుర్తుంచుకోండి: దానిది 58 మి.మీ. బోరు, 132 సీసీ. ఆర్సీలో 98 ఉంటుంది. ప్రమాదం జరిగితే బీమా వాళ్లు మొదట చూసేది ఆ తేడానే. రంగు మారిస్తే ఆర్సీలో ఎక్కించాలి. వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి 50 ఏళ్లు నిండాలి, మీకు వర్తించదు. ఫారం 25తో రెన్యువల్‌కి వెళ్లండి. బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ ముందే తీసుకోండి, హరిత పన్ను కట్టాలి.

కాకినాడ_కిక్కు:
అన్నీ బిగించి గాలి పరీక్ష చేశాను. 300 నుంచి నిమిషంలో 180కి వచ్చింది. బుడగలు సీళ్ల దగ్గర కాదు, బోరు కింద ప్యాకింగ్ దగ్గర, ఒకే మూల.

లేత్_పని:
నట్లు ఇంకా బిగించి సరిపెట్టకండి, నట్టు ఎక్కే స్టడ్ మర ఊడి పైకి లేస్తుంది. బోరు తీసి, అడుగు భాగాన్ని అద్దం మీద పరిచిన 400 నంబరు ఎమెరీ కాగితం మీద ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. మచ్చ ఎక్కడ మిగిలిందో అక్కడే పల్లం. క్రాంకు కేసు పైముఖం మీద పాత ప్యాకింగ్ ముక్క అంటుకుని ఉందేమో కూడా చూడండి, ఒకే మూల లీకైతే ఎక్కువసార్లు అదే కారణం. కొత్త ప్యాకింగ్ వేసి నాలుగు నట్లూ ఎదురెదురుగా మూడు విడతల్లో బిగించి, మళ్లీ 300కి ఎక్కించండి.