కాటన్ శ్లోకంలో ‘స్మరామి’, మన ఇళ్ళలో ‘తలుచుకోవడం’

అందరికీ నమస్కారం. కోనసీమలో మా తాతగారు కాలువ రేవులో దిగి స్నానం చేస్తూ రోజూ ఈ శ్లోకం చెప్పుకునేవారు. డెల్టాలో పెద్దవాళ్ళు చాలామందికి నోటికి వచ్చు.

నిత్య గోదావరీస్నాన పుణ్యదో యో మహామతిః
స్మరామ్యాంగ్లేయ దేశీయం కాటనుం తం భగీరథమ్

రోజూ గోదావరి స్నానం చేసే పుణ్యాన్ని ఇచ్చిన మహామతి, ఇంగ్లండు వాడైన కాటన్ అనే ఆ భగీరథుణ్ణి తలుచుకుంటున్నాను అని అర్థం. ఇంజనీరు ఆర్థర్ కాటన్ గోదావరి మీద కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకుముందు గోదావరి స్నానం కావాలంటే ఏటి ఒడ్డుకి ప్రయాణం కట్టాల్సిందే. కాలువలు వచ్చాక గోదారే ఇంటి వెనక రేవుకి వచ్చింది. ‘నిత్య’ అనే మాటతో శ్లోకం మొదలుపెట్టడం అందుకే అనిపిస్తుంది.

నా మనసు మాత్రం ‘స్మరామి’ దగ్గర ఆగింది. అక్కడ ‘నమామి’ అన్నా గణాలు చెడవు, ‘నమామ్యాంగ్లేయ’ అని హాయిగా సాగుతుంది. అయినా దణ్ణం పెడుతున్నాను అనలేదు, తలుచుకుంటున్నాను అన్నాడు. మన ఇళ్ళలో మాటా అదే. మా అమ్మమ్మ ఎవరికీ ధన్యవాదాలు చెప్పగా నేను వినలేదు. “నిన్ను తలుచుకోని రోజు లేదురా నాయనా” అనేది. ధన్యవాదం ఎదుటి మనిషికి చెప్పేస్తే అయిపోతుంది. తలుచుకోవడం ఆ మనిషి వెళ్ళిపోయాక మొదలవుతుంది. కృతజ్ఞత అనే మాటని విడదీసినా ఇదే కనిపిస్తుంది. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగినవాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నిరుడు మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. పగలంతా ఆయన పని, రాత్రి పడుకుంటే రేపటి మందులు, డబ్బు, అదే టెన్షన్. నిద్ర ఉండేది కాదు. ఆ రోజుల్లో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో అచ్చు వేసిన పరిశోధన గురించి చదివాను. నరాల, కండరాల జబ్బులున్నవాళ్ళలో కొందరిచేత 21 రోజులు, తమకి జరిగిన మేళ్ళని రోజూ రాయించారు. వాళ్ళు నిద్ర మెరుగైందని చెప్పారు. వారానికోసారి చొప్పున పది వారాలు రాసిన విద్యార్థులకి, చిరాకులు రాసినవాళ్ళకంటే ఒంట్లో నలతలు తగ్గాయి. 2024లో 49,275 మంది అమెరికా నర్సుల మీద మరో పరిశీలన వచ్చింది. వాళ్ళ సగటు వయసు 79. కృతజ్ఞత ఎక్కువగా ఉన్నవాళ్ళకి, తక్కువగా ఉన్నవాళ్ళకంటే, ఆ కొన్నేళ్ళలో మరణించే ముప్పు 9 శాతం దాకా తక్కువ కనిపించింది. అది గమనించి వేసిన లెక్క, కృతజ్ఞతే ఆయుష్షు పెంచిందని తేల్చేది కాదు. నిద్ర సంగతి మాత్రం నా అనుభవంలో నిజం.

నేనూ రోజూ రాత్రి ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టి, శ్లోకం వరసనే పట్టుకున్నాను. ముందు ఏమి ఇచ్చారో, తర్వాత ఎక్కడివారో, చివరికి ఎవరో. “అంతా బాగుంది” అని రాస్తే నాకు నిద్ర పట్టలేదు. “లాకుల దగ్గర ఆటో ఆపి, నాన్నగారిని రెండు చేతులా ఎత్తి ఎక్కించిన కుర్రాడు” అని రాసిన రాత్రి పట్టింది. పుస్తకం దిండు పక్కనే ఉంటుంది, మూడు వాక్యాలు చాలు. వేసవిలో కాలువలు కట్టేస్తే గానీ నీళ్ళు మనకి గుర్తు రావు. కట్టేయకముందే గుర్తు తెచ్చుకునే సాధన ఇది.

మీ ఊళ్ళో పెద్దవాళ్ళు ఈ భావానికి ఏ మాట వాడేవారో చెప్పండి.

తణుకు నుంచి: ‘కాటనుం’ ఏ విభక్తి అండీ?

నా జవాబు: ద్వితీయే మాస్టారూ. కాటన్‌ని ‘కాటను’ అని ఉకారాంతం చేసి, ‘గురుం’ లాగ ‘కాటనుం’ అన్నారు. తెలుగు నోటికి అలవాటైన ఉకారమే సంస్కృతంలోనూ ఒదిగింది.

ధవళేశ్వరం నుంచి: ఆనకట్ట పనిలో ఆయనకి అండగా నిలిచిన వీణెం వీరన్న గారి సంగతేమిటి? మట్టి మోసిన కూలీలో? ఈస్టిండియా కంపెనీ కూడా శిస్తు చూసుకునే కదా డబ్బు పెట్టింది.

నా జవాబు: నిజమండీ. తలుచుకోవడం అంటే లెక్క మరిచిపోవడం కాదు. ఒక్క పేరు దగ్గర ఆగిపోతే అది సగమే. మీ మాట చదివాక వీరన్న గారినీ, పేర్లు మిగలని ఆ కూలీలనీ నా పుస్తకంలో రాసుకున్నాను.

భీమవరం నుంచి: ‘పుణ్యద’ చూస్తే ‘ఆయన పుణ్యమా అని’ గుర్తొచ్చింది. కానీ మేము “నీ పుణ్యమా అని బస్సు తప్పిపోయింది” అని దెప్పడానికీ వాడతాం. ఇంకొకటి అక్కా, మంచం మీద ఉన్న మనిషికి “ఉన్నదానికి సంతోషించు” అంటే గుండెలో గుచ్చుకుంటుంది. మా అత్తగారి విషయంలో చూశాను.

నా జవాబు: అందుకే నాన్నగారితో ఆ మాట ఎప్పుడూ అనలేదమ్మా. ఎవరికి వాళ్ళు చేసుకోవాల్సిన పని, ఇంకొకరికి చెప్పేది కాదు. ఆయన బీపీ మాత్రలూ, వ్యాయామాలూ వేళకి సాగుతూనే ఉన్నాయి. పుస్తకం వాటికి బదులు కాదు. దిగులుగా ఉన్న రోజు దిగులే రాస్తాను.

అమలాపురం నుంచి: మా అమ్మ ఒక్కర్తే కూర్చుని తిన్నా, చెయ్యి కడుక్కునే ముందు “అన్నదాతా సుఖీభవ” అనేది. వండుకున్నదీ తనే. ఎవరిని అంటున్నావమ్మా అంటే, “పండించినవాళ్ళు లేరా?” అనేది.

నా జవాబు: నేను వెతుకుతున్న మాట ఇదేనండీ, ఎదుట లేనివాళ్ళకి చెప్పేది. మా చేను చేస్తున్న కౌలు రైతు సంక్రాంతికి బస్తా బియ్యం దింపి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఈ రాత్రి మొదటి వాక్యం ఆయనది.