పదకొండేళ్ల డీజిల్ కారు ఇప్పుడు తీసేయాలా? తీస్తే ఏ ఇంజిన్ తీసుకోవాలి?

నల్లగండ్ల నివాసి | 6 డిసెంబర్ 2025

అందరికీ నమస్కారం. 2014లో కొన్న 1.3 లీటర్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్ నాది. ఇప్పటికి 1,64,000 కి.మీ. తిరిగింది. ఆఫీసు సికింద్రాబాద్‌లో, రానూపోనూ 44 కి.మీ. నెలకొకసారి నరసరావుపేట దగ్గర మా ఊరికి వెళ్లి అమ్మానాన్నలను చూసి వస్తాం. ఊళ్లో తిరుగుడుతో కలిపి దాదాపు 600 కి.మీ. మొత్తం నెలకు 1,600 అనుకోండి.

ఇప్పుడు క్లచ్ బరువెక్కింది, ఉదయం స్టార్ట్ చేస్తే కాసేపు పొగ. మార్చేద్దామని నెల రోజులుగా ఇంట్లో మాట్లాడుకుంటున్నాం. బడ్జెట్ 14 లక్షలు. అందులో 10 లక్షలు లోన్.

హైదరాబాద్‌లో ఇవాళ పెట్రోల్ 107 రూపాయల పైన, డీజిల్ 95 పైన ఉంది. 2022 ఏప్రిల్‌లో పెట్రోల్ 119 దాటిన రోజులు చూశాం కాబట్టి ఇది తగ్గినట్టే అనిపిస్తుంది కానీ, జీతంలోంచి పోయేది చూస్తే గుండె గుభేలుమంటుంది. నా కారు సగటున 18 ఇస్తుంది. 1,600 కి.మీ.కు 89 లీటర్లు, నెలకు సుమారు 8,500. అదే 1.2 పెట్రోల్ అయితే సిటీలో 13, హైవేలో 18 వేసుకున్నా 110 లీటర్లు, అంటే 11,800. కొత్త కారు కొని నెలకు మూడు వేలు ఎక్కువ కట్టడమా? అందుకని మళ్లీ డీజిల్ వైపే మనసు లాగుతోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఆటోనగర్ మెకానిక్ | 6 డిసెంబర్

తమ్ముడూ, విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నా. నువ్వు నడుపుతున్న డీజిల్ వేరు, ఇప్పుడు కొనబోయే డీజిల్ వేరు. ముందు ఈ సంగతి మనసులో పెట్టుకో.

నీ 1.3 ఇంజిన్ ఫియట్ వాళ్లది. ఎన్ని కంపెనీల కార్లలో తిరిగిందో లెక్కలేదు, ప్రతి ఊళ్లో దాన్ని విప్పి బిగించేవాడు ఒకడుంటాడు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక అది ఆగిపోయింది. మారుతి అయితే డీజిలే మానేసింది. ఇప్పుడొచ్చే డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అని ఒక జల్లెడ ఉంటుంది. ఇంజిన్ వదిలే మసి బయటికి పోకుండా దాంట్లో పేరుకుంటుంది. మసి నిండే కొద్దీ దాన్ని కాల్చేయాలి, దానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద ఒక పావుగంట, ఇరవై నిమిషాలు ఒకే వేగంతో పోతే ఆ వేడి దానంతటదే పుడుతుంది. సిటీలో సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ పోతే పుట్టదు. అప్పుడు ఇంజిన్ కాస్త ఎక్కువ డీజిల్ కొట్టి వేడి పుట్టించాలని చూస్తుంది. సగంలో నువ్వు ఆఫీసు వచ్చిందని బండి ఆపేస్తావు. ఆ కాలని డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ మట్టం పెరిగి కనిపిస్తుంది. కొత్తలో ఓనర్లు "ఆయిల్ తాగట్లేదు, మంచి బండి" అనుకునేవాళ్లు. అది మంచి కాదు, పల్చబడ్డ ఆయిల్‌తో ఇంజిన్ లోపల అరుగుతోందని అర్థం.

నెలకు ఒక్కసారి ఊరికి వెళ్తావు కాబట్టి నీకు పూర్తిగా ముప్పు ఉండదు. కానీ మిగిలిన మూడు వారాలూ డీపీఎఫ్ హెచ్చరిక లైటు వెలిగిందేమో అని చూసుకుంటూ తిరగాలి. రోజూ వంద కి.మీ. హైవే తిరిగేవాడికి ఇప్పటికీ డీజిలే చెబుతాను. నీకు చెప్పను.

హన్మకొండ ఈవీ | 7 డిసెంబర్

అండీ, నేను టీచర్‌ని. హన్మకొండ నుంచి మండలంలో ఉన్న స్కూలుకు రోజూ 62 కి.మీ. తిరుగుతాను. రెండున్నరేళ్ల క్రితం చిన్న ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాం. సొంత ఇల్లు, పోర్టికోలో 15 ఆంప్స్ ప్లగ్. రాత్రి పెట్టి పడుకుంటాను, అంతే.

మీ లెక్కలో ఎలక్ట్రిక్ రాయనే లేదు, నేను రాస్తాను. సిటీలో యూనిట్‌కు 7 కి.మీ. వేసుకుందాం. వెయ్యి కి.మీ.కు 143 యూనిట్లు, ఛార్జింగ్‌లో వృథా కలిపితే 160. ఇంట్లో ఇప్పటికే వాడే కరెంటు మీద ఇది కలుస్తుంది కాబట్టి పై స్లాబే పడుతుంది. యూనిట్ 9.50 అనుకున్నా 1,520. మీ ఊరి ప్రయాణంలో సగం ఇంటి ఛార్జింగ్‌తో, సగం దారిలో డబ్బు కట్టి చేసుకుంటే ఇంకో 1,600 లేదా 1,700. మొత్తం నెలకు 3,200. మీ పెట్రోల్ లెక్క 11,800. ఏడాదికి లక్ష రూపాయలు మిగులు.

ఇంకో మాట. 2024 నవంబర్‌లో వచ్చిన తెలంగాణ పాలసీ ప్రకారం ఎలక్ట్రిక్ బండికి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. అది 2026 డిసెంబర్ 31 వరకే. పది లక్షలు దాటిన పెట్రోల్ బండికి ఇక్కడ రోడ్ ట్యాక్స్ గట్టిగానే పడుతుంది. 14 లక్షల బండి మీద అది రెండు లక్షలు దాటుతుంది. జీఎస్టీ కూడా ఎలక్ట్రిక్‌కు 5 శాతమే.

నాకు టెన్షన్ ఎప్పుడూ లేదని చెప్పను. మే నెలలో ఏసీ పూర్తిగా పెట్టి హైవే ఎక్కితే కంపెనీ చెప్పిన రేంజ్‌లో (ఒక్క ఛార్జ్‌తో పోయే దూరంలో) మూడో వంతు పోతుంది. మొదటి వేసవిలో ఒకసారి బ్యాటరీ సరిగ్గా 9 శాతంతో ఇంటికి చేరాను, ఆ రోజు చేతులు చెమట పట్టాయి. ఇప్పుడు 30 దగ్గరే ప్లగ్ వెతుక్కుంటాను.

నల్లగండ్ల నివాసి | 7 డిసెంబర్

మేడమ్, మీ లెక్క చూసి రాత్రి నిద్ర పట్టలేదు. కానీ మాది అపార్ట్‌మెంట్. పార్కింగ్ రెండో సెల్లార్‌లో, మీటర్ల గది గ్రౌండ్ ఫ్లోర్‌లో. నాలుగు నెలల క్రితం ఇంకొకాయన ఛార్జింగ్ లైన్ అడిగితే అసోసియేషన్ వాళ్లు అగ్ని ప్రమాదం భయం చెప్పి కుదరదన్నారు.

మణికొండ మూడో అంతస్తు | 7 డిసెంబర్

అన్నా, అదే గొడవ నేను పడ్డాను, తొమ్మిది నెలలు. మా కమిటీ కూడా ముందు కాదనే అంది. విద్యుత్ మంత్రిత్వ శాఖ మార్గదర్శకాల్లో, ఇంట్లో ఉన్న కరెంటు కనెక్షన్ మీదే బండి ఛార్జ్ చేసుకోవచ్చని స్పష్టంగా ఉంది. ఆ కాగితం ప్రింట్ తీసి జనరల్ బాడీలో చదివాను. కోపంగా కాదు, నెమ్మదిగా. వాళ్ల భయం కూడా అబద్ధం కాదు. పాత వైరు మీద, చవక ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద రాత్రంతా 15 ఆంప్స్ లాగితే ప్లగ్ కరిగిపోవడం నేనే చూశాను. అందుకే నా ఫ్లాట్ మీటర్ నుంచి విడిగా కాపర్ కేబుల్, లోడు ఎక్కువైనా, కరెంటు లీకైనా కట్ చేసే స్విచ్‌లు (ఎంసీబీ, ఆర్‌సీసీబీ) విడిగా, ఎర్తింగ్ పెట్టిస్తానని రాసిచ్చాను. కేబుల్ పొడవు 70 మీటర్లు వచ్చింది, ఖర్చు మొత్తం నాదే. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ సంతకం చూపించాక ఒప్పుకున్నారు. ముందు ఒప్పించండి, తర్వాత బుక్ చేయండి. కారు తెచ్చి ఆఫీసు దగ్గర ఛార్జింగ్ కోసం తిరిగే బతుకు వద్దు.

ఉప్పల్ క్యాబ్ | 8 డిసెంబర్

సీఎన్‌జీ గురించి ఎవరూ రాయలేదు. నాది సీఎన్‌జీ సెడాన్, నాలుగేళ్లుగా క్యాబ్ తిప్పుతున్నా. కిలో సుమారు 96 రూపాయలు, నాకు కిలోకు 23 కి.మీ. వస్తుంది. కి.మీ.కు నాలుగు రూపాయల పైచిలుకు. సార్ లెక్కకు నెలకు 6,700. అయితే లైనులో నిలబడాలి. కొన్ని రోజులు ముప్పావు గంట. నాకు అది పనిలో భాగం, ఆఫీసుకెళ్లే మనిషికి కాదు. డిక్కీలో సిలిండర్ ఉంటే ఊరి నుంచి బియ్యం బస్తా ఎక్కడ పెడతారు? ఇప్పుడు రెండు చిన్న సిలిండర్లు కింద పెట్టి డిక్కీ మిగిల్చే మోడళ్లు వచ్చాయి, అవి చూడండి. మూడేళ్లకోసారి సిలిండర్ టెస్ట్ మాత్రం మర్చిపోవద్దు.

కాకినాడ కుర్రాడు | 8 డిసెంబర్

అసలు బాధ ఇంజిన్‌ది కాదు, పన్నుది. ఏపీలో పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు 4 రూపాయలు, ఇంకా రోడ్డు సెస్ ఒక రూపాయి. తెలంగాణలో 35.2 శాతం. మాకు ముప్పై కి.మీ. దూరంలో యానాం ఉంది, పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి అక్కడ లీటరుకు పది రూపాయలకు పైగా తక్కువ. అదే గోదావరి, అదే జనం. ఆదివారం యానాం బంకుల్లో మా కోనసీమ బళ్లే ఉంటాయి. మనం ఏ ఇంజిన్ అని కొట్టుకుంటున్నాం, ఆ పది రూపాయల గురించి ఎవరూ అడగట్లేదు.

కూకట్‌పల్లి హైబ్రిడ్ | 8 డిసెంబర్

నా స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్, ఎలక్ట్రిక్ మోటారు రెండూ ఉన్న కారు) సిటీలో 22, హైవేలో 20 ఇస్తోంది. ట్రాఫిక్ ఎంత ఉంటే అంత మైలేజీ, ఎందుకంటే మెల్లగా కదిలేటప్పుడు ఇంజిన్ ఆగి మోటారే లాగుతుంది. ప్లగ్ అక్కర్లేదు, అసోసియేషన్‌తో గొడవ అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ వాళ్లకు ఇదే సరైనది అని నా గట్టి నమ్మకం.

హన్మకొండ ఈవీ | 8 డిసెంబర్

సౌకర్యం సంగతి ఒప్పుకుంటాను. కానీ వారి తిరుగుడుకు అది 75 లీటర్లు, నెలకు 8,100. ఆయన పాత డీజిల్ బిల్లు 8,500! ఎక్స్‌షోరూమ్ 16 లక్షల పైన పెట్టి, దాని మీద రోడ్ ట్యాక్స్ కట్టి, నెలకు నాలుగు వందలు మిగుల్చుకోవడమా? బడ్జెట్ కూడా దాటిపోతుంది.

నల్గొండ బ్యాంకు ఉద్యోగి | 9 డిసెంబర్

రెండు రోజులుగా చదువుతున్నాను. ఒక్కరు కూడా ఈఎంఐ రాయలేదు. అందుకే రాయాల్సి వస్తోంది.

10 లక్షల లోన్, 9 శాతం వడ్డీ, ఐదేళ్లు. నెలకు 20,758. ఎలక్ట్రిక్ కొంటే పాత డీజిల్‌తో పోలిస్తే మీకు నెలకు మిగిలేది 5,300. మేడమ్ చెప్పిన లక్ష రూపాయల మిగులు కొత్త పెట్రోల్ కారుతో పోల్చినప్పటిది. మీ దగ్గర కొత్త పెట్రోల్ కారు లేదు కదా. మీ దగ్గర ఉన్నది అప్పు తీరిపోయిన డీజిల్. దాంతో పోల్చాలి. 5,300 మిగుల్చుకోవడానికి 20,758 కట్టడం మైలేజీ లెక్క కాదు, కొత్త కారు మీద ఇష్టం. ఇష్టం తప్పు కాదు. కానీ దానికి పెట్రోల్ ధరను సాకుగా చూపించుకోవద్దు. లోన్ కౌంటర్‌లో కూర్చుని ఇలాంటి కుటుంబాలను రోజూ చూస్తాను. "బంకు ఖర్చు తగ్గుతుంది సార్" అనే వస్తారు. రెండో ఏడాదికి చిట్టీ ఎత్తి ఈఎంఐ కడతారు.

ఢిల్లీలో పెట్టినట్టు పదేళ్ల డీజిల్ నిషేధం మనకు లేదు. మీ రిజిస్ట్రేషన్ 2029 వరకు ఉంది. తర్వాత ఫిట్‌నెస్ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు.

మరో లాభం కూడా ఉంది. 2023కి ముందు కొన్న పెట్రోల్ కార్లున్న నా స్నేహితులు ఇప్పుడు ఇ20 పెట్రోల్ గురించి బాధపడుతున్నారు. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, అది 20 శాతం కలిస్తే మైలేజీ కొంత పడక తప్పదు. పాత బండ్లకు 3 నుంచి 6 శాతం తగ్గుతుందని ప్రభుత్వమే చెప్పింది. మీ డీజిల్‌కు ఆ తంటా లేదు.

హన్మకొండ ఈవీ | 9 డిసెంబర్

మీ లెక్క నిజమే, నేను పోల్చిన తీరు పొరపాటు. కానీ రెండు విషయాలు వదిలేశారు. ఆ ట్యాక్స్ మాఫీ ఏడాదిలో పోతుంది, అప్పుడు అదే బండి రెండు లక్షలకు పైగా ఎక్కువ అవుతుంది. రెండోది, ఉదయం పూట పొగ వస్తోందని ఆయనే రాశారు. ఆ పొగ సెల్లార్‌లో ఎవరి పిల్లలో పీలుస్తారు. దానికి రూపాయల్లో లెక్క వేయలేం కాబట్టి అది లేనట్టు కాదు.

ఆటోనగర్ మెకానిక్ | 9 డిసెంబర్

పొగ సంగతి అమ్మాయి చెప్పింది కరెక్ట్. తమ్ముడూ, ఆ పొగ రంగేంటి? తెల్లగా వచ్చి రెండు నిమిషాల్లో పోతే, స్టార్టింగ్‌లో ఇంజిన్‌ను వేడి చేసే గ్లో ప్లగ్గులు చూడాలి, చిన్న పని. నల్లగా వస్తే ఇంజెక్టర్లు విప్పి టెస్ట్ బెంచ్ మీద పెట్టించాలి. నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోంది, అప్పుడు టర్బో గానీ రింగులు గానీ. నీలం అయితే నా మాట వేరు, అమ్మేయ్. మొదటి రెండైతే క్లచ్ సెట్‌తో కలిపి ముప్పై, నలభై వేలలో తేలాలి.

నల్లగండ్ల నివాసి | 10 డిసెంబర్

అన్నా, ఇవాళ ఉదయం నా భార్యను వెనక నిలబెట్టి స్టార్ట్ చేశాను. తెల్లగానే ఉంది, సెల్లార్ గేటు దాటేలోపు పోయింది.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. ఈ నెలలో గ్లో ప్లగ్గులు, క్లచ్ చేయిస్తున్నాను. కారు ఉంచుతాను. మణికొండ అన్న చెప్పినట్టు కమిటీకి కేబుల్ లేఖ రాస్తున్నాను, నాతో పాటు నాలుగు నెలల క్రితం అడిగినాయన కూడా సంతకం పెడుతున్నారు. వచ్చే దసరాలోపు లైన్ వస్తే, ఈలోగా నెలకు 20 వేల చొప్పున పక్కన పెట్టిన డబ్బు డౌన్ పేమెంట్‌కు కలిపి, లోన్ బాగా తగ్గించుకుని మాఫీ ఉండగానే ఎలక్ట్రిక్ తీసుకుంటాం. లైన్ రాకపోతే 2029 దాకా ఇదే బండి.

మణికొండ అన్నా, మీరు రాసిచ్చిన లేఖ నమూనా ఉంటే పేర్లు తీసేసి ఇక్కడ పెట్టగలరా? కేబుల్ సైజు ఎంత వేశారో కూడా చెప్పండి.

మణికొండ మూడో అంతస్తు | 10 డిసెంబర్

రాత్రికి పెడతాను అన్నా. కేబుల్ సైజు మాత్రం నాది చూసి వేయొద్దు. మీ దూరం ఎంతో ముందు కొలిపించండి. పొడవు పెరిగితే మందం పెరగాలి.